మొహం కాదు, చెయ్యి చూడండి

తెనాలి పద్యనాటకాల్లో నాది రాజు వేషం. రంగు పూసుకుంటే తప్ప నన్నెవరూ చూడరు. పూసుకున్నాక ఆ మొహం నాది కాదు. అందుకే ఒక్కసారైనా నా సొంత మొహం నలుగురూ చూసేలా ఫ్లెక్సీకెక్కాలని నా కోరిక. సిగ్గెందుకు, ఉంది.

బాపట్లలో ఉన్న నా మిత్రుడు, రిటైరైన డ్రాయింగు మాస్టారు, ఓసారి జపాను బొమ్మల పుస్తకం నా ముందు పెట్టాడు. అక్కడి కబుకీ నాటకాల నటుల్ని పూర్వం చెక్క మీద చెక్కి, కాగితాల మీద అచ్చువేసి అమ్మేవారట. తొలినాటి బొమ్మలు చూశాను. పిక్కలు సొరకాయల్లా ఉబ్బి, కళ్ళురుముతూ బాగానే ఉన్నారు. కానీ అందరిదీ ఒకటే మొహం.

"ఎవరెవరో ఎట్లా తెలుస్తుందండి?"

"మొహం చూడకండి బావగారూ, చెయ్యి చూడండి. అంగీ చేతి మీద ఆ నటుడి ఇంటి గుర్తుంటుంది. దాన్నిబట్టే పోల్చుకుంటారు."

పగలబడి నవ్వాను. మొహం లేనివాడు నటుడేంటి, లాండ్రీ గుర్తు చూసి బట్టలు ఏరుకున్నట్టు ఉందన్నాను.

ఆ నవ్వు రేపల్లెలో నాకే తగిలింది. అక్కడివాళ్ళు సన్మానం చేస్తాం, రాజు కోటుతోనే రమ్మన్నారు. ఫ్లెక్సీకి కోటు తొడుక్కుని, రంగు లేని మొహంతో దిగిన ఫొటో పంపాను.

బస్సు దిగగానే ఫ్లెక్సీ కనిపించింది. అధ్యక్షులవారు, దాతగారు, ముఖ్య అతిథి, చివర నేను. షాపువాడు ముడతలన్నీ తీసేసి, బుగ్గలకు గులాబీరంగు కొట్టి, అందరినీ ఒకే తల్లి కన్నట్టు చేశాడు.

నా వెంట వచ్చిన మా ఆవిడ తలెత్తి చాలాసేపు వెతికింది. "మీరేరండి?"

"ఆ చివర."

"ఎవరో పెళ్ళికొడుకనుకున్నాను."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. హాలు గుమ్మం దగ్గర వాలంటీరు కూడా ఆపాడు. "వేషాలవాళ్ళు వెనక గేటండి." పక్కనే కట్టిన ఫ్లెక్సీలో నన్ను చూపించాను. దాన్నీ నన్నూ మార్చిమార్చి చూసి, "మీ అబ్బాయా బాబాయిగారూ?" అన్నాడు.

మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. పొన్నూరులో మేకు తగిలి ఆ ఎర్ర కోటు చెయ్యి చిరిగితే, ఎర్రదారం దొరక్క పచ్చదారంతో కుట్టింది తనే.

"ఇదిగో నాయనా, ఈ కుట్టు నాది. ఆ బొమ్మలోనూ ఉంది చూడు. మొహం సంగతి షాపువాణ్ణడుగు."

"అవునండి! సారీ అండి" అంటూ దారిచ్చాడు.

వేదిక మీద శాలువా కప్పారు. పచ్చకుట్టు కాస్తా దాని కిందికి పోయింది. ఫొటోగ్రాఫరు "ఇటు చూడండి సార్" అనగానే, మొహం ఎటుంటే ఏంలే అని, మోచెయ్యి బయటికి తీసి పెట్టాను.