గోడ మీద నా పేరు

శ్రీనగర్‌కు ఒంటరిగా జీపు తోలుకెళ్తూ, గోదావరిఖనిలో ఒక టైర్ల కొట్టు దగ్గర ఆగాను. తాటిచెట్టంత మంచులో ఎన్నోసార్లు నడిపానని కోతలు కోశాను. నిజానికి మంచు మొహమే చూడలేదు.

ఒకప్పుడు బొగ్గుబాయిలో పనిచేసిన ఆ కొట్టు నడిపే కాక, నేనెంచుకున్న నున్నటి టైరును పక్కకు నెట్టాడు.

"తాటిచెట్టంత మంచుల గిదేసుకొనే నడిపినవా? జారి లోయల వడ్తవ్. లోతు గాట్లున్నది తీస్కో. ఇంటికాడ ఎవరున్నరు?"

"ఎవరూ లేరు." ఈసారి కోత తట్టలేదు.

"మేం పేరు రాయించి బాయిల దిగుతం. పైకెక్కినంక కొట్టేస్తరు. పేరు మిగిలితే మనిషి కోసం దిగి దేవులాడుతరు. నీ పేరు చెప్పు, చేరినంక కార్డెయ్యి."

సుద్దముక్కతో కొట్టు గోడ మీద రాశాడు.

కనుమలో మంచు మీద జీపు రెండుసార్లు జారి, ఆ గాట్ల పట్టుతోనే నిలిచింది. శ్రీనగర్‌లో దిగగానే కార్డు రాశాను:

"కాకా, నా పేరు కొట్టెయ్యి."