నవల అంచున రాసిన అమ్మాయి

ఈ సాయంత్రం పేపర్లు చూడటానికి రాజోలు లైబ్రరీకి వెళ్లాను. లైబ్రేరియన్ గారు ఒక పాత నవల తెరిచి పట్టుకుని, రిటైరైన తెలుగు మాస్టారిని నిలదీస్తున్నారు. మూడో ప్రకరణం అంచున ఎవరో సిరాతో "ఈ పిల్ల ఉత్త పిరికిది" అని రాశారు. పుస్తకంలో రాస్తే కార్డు రద్దు చేస్తారు. అచ్చుతప్పు కనబడితే దిద్దకుండా ఉండలేని మాస్టారి మీదే అనుమానం.

బల్ల చివర కూర్చున్న పదో తరగతి అమ్మాయి లేచింది.

"రాసింది నేనండి. మాస్టారు కాదండి."

"మరి ఇంతసేపూ నోరెత్తలేదేం?"

"కార్డు తీసేస్తారని భయమేసిందండి. ఆ కథలో పిల్ల తన తప్పు పనిమనిషి మీదకి తోసేసిందండి. ఒళ్లుమండి రాసేను. ఆఖర్న పదిమందిలోనూ ఒప్పుకుంటుందని అప్పటికి తెలీదండి."

"ఆయ్! తెలిశాక నువ్వూ లేచేవన్నమాట," అన్నారు లైబ్రేరియన్ గారు. నవ్వుతూనే కార్డు తీసేసుకున్నారు.

మాస్టారు తన కార్డు బల్ల మీద పెట్టారు. "అమ్మాయికి ఏ పుస్తకం కావాలో దీని మీద ఇవ్వండి. పెన్ను మాత్రం ఇంట్లో పెట్టి రామ్మా."

ఇరవయ్యేళ్లుగా వార్తలు రాస్తున్నాను. ఎవరూ అడక్కుండా తప్పు ఒప్పుకున్న మనిషిని చూడటం ఇదే మొదటిసారి. మీకెవరైనా తగిలి ఉంటే చెప్పండి.