గొంతు పోయిన కండక్టరు

మా మామ తిరుత్తణి–తిరువళ్లూరు బస్సులో కండక్టరు. ఎనభైల మధ్యలో ఆయన గొంతులో క్యాన్సరు తేలింది. మద్రాసు డాక్టరు నా ముందే విడమరిచి చెప్పాడు.

"గొంతు కణాల్లో నిద్రపోవాల్సిన జన్యువు ఒకటి మేలుకుంది. అందుకే ఆ కణాలు పక్క కణాల పట్టు వదిలి మెడలోకి పాకుతున్నాయి. స్వరపేటిక తీసేయాలి. ఇక ఇంటిపట్టున ఉండండి."

"అది మేలుకునిందని నేను పండుకోవాల్నా సార్?" అన్నాడు మామ బొంగురుగా.

ఆపరేషను అయ్యాక డిపోలో కూర్చునే పని ఇస్తామన్నారు. ఆయన కాగితం మీద తమిళంలో 'ముడియాదు', కుదరదని రాసిచ్చి బస్సెక్కాడు. స్టాపు రాగానే అరచేత్తో బస్సు రేకును దబదబా బాదేవాడు. కునుకు తీసేవాళ్లు ఉలిక్కిపడి దిగేవారు.

రెండేళ్లకు జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. ఆ సంగతి తెలిసిన మర్నాడే ఆయన ఖాకీ చొక్కా తొడుక్కుంటుంటే అత్త వాకిలికి అడ్డం నిలబడింది.

"యాడికి పోతావుండావు?"

మామ ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టాడు.