పెనుకొండ మీద పిడుగు, మా వాన సంగీతం

హిందూపురంలో నేను వయొలిన్ నేర్పిస్తాను. ఆమధ్య పెనుకొండ మీద కురిసే వాన గురించి వయొలిన్, వేణువు, మృదంగాలకు ఒక చిన్న రచన చేస్తున్నాను. గాలి, చినుకులు బాగానే కుదిరాయి. ఉరుము దగ్గరే చెడుతోంది. మృదంగం ఎంత గట్టిగా వాయించినా పెళ్లి మేళంలా ఉంటోంది. ఒక రోజు సాయంత్రం ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి మేడ మీద దాన్ని మొదటిసారి వినిపించాలి. దారిలో కొండెక్కి మబ్బు చప్పుడు వింటే తోవ దొరుకుతుందేమోనని, వేణువు వాయించే మా తమ్ముడు ప్రసాద్‌తో ఆ రోజు పొద్దున్నే బయల్దేరాను. మృదంగం వాయించే శివన్న నేరుగా ధర్మవరం వస్తానన్నాడు.

పెనుకొండకు బస్సులో గంట పైనే పడుతుంది. స్టాండు పక్కన ఉగ్గాని, బజ్జీ తిని, పోయి రావడానికి నాలుగు వందలకు ఆటో మాట్లాడుకున్నాం. "మబ్బు పడతాండాది మా, జల్దీ చూసుకోని వచ్చేయండి," అన్నాడు డ్రైవరు బసప్ప.

పైన ఒక వేపచెట్టు కింద గొర్రెలు గుంపుగా నిలబడి ఉన్నాయి. వాటిని మేపే ఆమె నా పెట్టె చూసి, "దాంట్లో ఏముండాదమ్మా?" అనడిగింది.

"వయొలిన్ అక్కా. వాన మీద పాట కడుతున్నాం."

"కట్టుమ్మా, అట్లన్నా వస్తాదేమో!" అని నవ్వి, తప్పిపోయిన గొర్రెపిల్లను పిలవడానికి ఆమె కొంచెం అవతలికి పోయింది. మేం చెట్టుకు కొంత ఎడంగా నిలబడ్డాం.

తెల్లటి వెలుగు. అంతే. కళ్లు తెరిచేసరికి నేను నేల మీద ఉన్నాను. చెట్టు చీలిపోయింది. దాని కింద గొర్రెలు పడున్నాయి, ఒక్కటీ కదలడం లేదు. ఆమె గుండెలు బాదుకుంటోంది, నోరు తెరిచి ఉంది, కానీ ఏడుపు లేదు. ప్రసాద్ నన్ను కుదుపుతున్నాడు. 'అక్కా' అంటున్నాడని పెదవులు చూసి తెలిసింది. నాకేమీ వినపడలేదు.

ఆమె మనుషులు వచ్చేదాకా పక్కనే కూర్చున్నాం. తర్వాత బసప్ప మమ్మల్ని ఆసుపత్రికి తీసుకుపోయాడు. మధ్యాహ్నానికి కుడిచెవిలో మాటలు సన్నగా తిరిగొచ్చాయి. ఎడమచెవిలో ఈల తప్ప ఏమీ లేదు. "ఇంటికి పోదాం పాక్కా," అన్నాడు ప్రసాద్. ఇంట్లో ఆ ఈల ఒక్కటే వింటూ కూర్చోవాలంటే భయమేసింది. ధర్మవరం బస్సెక్కాం.

మేడ మీద శివన్నకు చెప్పాను: "ఉరుము వాయించొద్దు."

"మరేం వాయించల్లమ్మా?"

"ఏమీ వద్దు. అందరం ఆపేద్దాం."

ఆ చోటికి రాగానే ఆపేశాం. ఎంతసేపు ఆగామో నాకు తెలియదు. ముందు వరుసలో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎప్పటికో ప్రసాద్ వేళ్లు కదిలాయి. వేణువు మొదలైందని వాటిని చూసే తెలుసుకున్నాను.

కొన్ని వారాలకు కుడిచెవి బాగైంది, ఎడమది ఇంకా మందంగానే ఉంది. రచనలో ఉరుము లేదు, ఆ ఆగడమే ఉంది. వాయించిన ప్రతిసారీ గొర్రెలు మేపే ఆమె తెరిచిన నోరు కనిపిస్తుంది. తర్వాత ప్రసాద్‌ను అడిగితే, ఆమె ఒక్కో గొర్రెనూ పేరు పెట్టి పిలిచిందని చెప్పాడు. అంత దగ్గరగా ఉండి, ఒక్క పేరూ నేను వినలేదు.

మీరు వానాకాలంలో పెనుకొండకు పోతే పొద్దున్నే ఎక్కి, మొదటి ఉరుముకే దిగేయండి. చెట్టు కింద మాత్రం నిలబడొద్దు.