కుందేలు మారింది

ఖమ్మంలో మా నాన్నది మిర్చి వ్యాపారం. “సంచి మూతికాడి కాయ జూసి కొనేటోడు పెండ్లికి పోవాలె గాని బేరానికి గాదు” అనేవాడు. నేను డాక్టర్నై, గడ్డల ముక్కలు పరీక్ష చేసే ల్యాబ్ పెట్టుకున్నాక కూడా ఆ బుద్ధి పోలేదు. హైదరాబాద్ నుంచి యాంటీబాడీ సీసా తెప్పిస్తే ఐసు డబ్బా కిరాయి డీలరు నెత్తినే వేసేవాణ్ణి.

తొంభైల మొదట్లో భద్రాచలం అవతలి అడవి ఊరి నుంచి ఒకామె మెడలో గడ్డతో వచ్చింది. కోసి తీసిన ముక్క చాలా చిన్నది. కాన్సరని తెలుస్తూనే ఉంది, ఏ కణాలదో తెలియడం లేదు. లింఫ్ కణాలదైతే ఇంజెక్షన్లతో బతికే ఆశ ఉంది. వేరేచోటి నుంచి పాకిందైతే లేదు. తేల్చాల్సింది ఆ సీసాలోని మందే. కుందేలు రక్తం నుంచి తీసిన ఆ యాంటీబాడీ లింఫ్ కణాలకే అంటుకుంటుంది, అవి గోధుమరంగులో కనిపిస్తాయి.

పాత సీసా అయిపోయి కొత్తది వచ్చింది. లేబుల్ అదే. అయినా ఆమె ముక్క జోలికి పోకుండా, ముందు వేరేవాళ్ల టాన్సిల్ ముక్క మీద, కండ ముక్క మీద వేసి చూశాను. లింఫ్ కణాలు నిండా ఉండే టాన్సిల్‌కు రంగు రావాలి, అవి లేని కండకు రాకూడదు. రెండూ గోధుమరంగే.

డీలరుకు ఫోన్ చేశాను.

“సరుకు అదే సార్. కుందేలు మారింది.”

“పాతదానికేమైంది?”

“చచ్చిపోయింది సార్.”

“నన్నొక మాట అడగకుండానా?”

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మందు పలచన చేశాను. ఎక్కువసేపు కడిగాను. కండకు రంగు పోయేసరికి టాన్సిల్‌కూ పోయింది. ఊరందరితో బేరమాడినవాణ్ణి, చచ్చిన కుందేలుతో ఏం బేరమాడను? ఆమె ముక్కలో ఇక ఒక్క పొరే మిగిలింది. దాని మీద ఈ మందు వేస్తే గోధుమరంగు తప్పకుండా వస్తుంది, శుభవార్తలాగే ఉంటుంది. వేయలేదు.

ఆమె భర్త గుమ్మంలో నిలబడి అడిగాడు. “ఏంది సారు, తేలిందా?”

“లేదు. హైదరాబాద్ పెద్ద దవాఖానకు పోవాలె. అక్కడ మళ్లా ముక్క తీస్తరు.”

అతను వాళ్ల భాషలో, గుమ్మం పక్క బల్ల మీద కూర్చున్న ఆమెకు చెప్పాడు. ఆమె మెడ మీది కట్టును పట్టుకుని మెల్లగా ఏదో అంది.

“ఏమంటున్నది?”

“ఒకసారి కోసి ఏం జెప్పిన్రు అంటున్నది.”

“హైదరాబాద్ బస్సు ఇప్పుడే ఉంది, జల్దీ పోండి” అన్నాను.

అతను ఆమె చెయ్యి పట్టి లేపాడు. “భద్రాచలంది ఎప్పుడుంది సారు?”