పచ్చకోట్ల పల్టన్

లింబయ్య లోకంలో ఏ తప్పునైనా క్షమిస్తాడు. సిపాయి కోటుకు తప్పు రంగు వేస్తే మాత్రం క్షమించడు.

బోధన్ చక్కెర మిల్లు ల్యాబులో ముప్పై ఏళ్లు చెరుకురసం పరీక్షించి రిటైరయ్యాక ఆయన నెపోలియన్ కాలపు యుద్ధాల్లో పడ్డాడు. బొటనవేలంత సీసపు సిపాయిలకు సన్నకుంచెతో రంగులు వేసి, ఒక్కొక్కరినీ చెక్కబిళ్ల మీద నిలబెట్టి, బల్ల మీద పాచికలతో యుద్ధం ఆడతాడు. బిళ్లకు జిగురు పూసి ఎడపల్లి నల్లమట్టి చల్లుతాడు. ఎండుగడ్డికి బదులు చెరుకు పిప్పి నలిపి అంటిస్తాడు. ఐరోపా అంతా ఆ మట్టే. ఫ్రెంచి సైన్యాన్ని తనే నడిపి తనే ఓడిస్తాడు. చెరుకు ఉండగా బీటు దుంపల్లోంచి చక్కెర తీయించిన నెపోలియన్‌కు ఆ మాత్రం శిక్ష పడాల్సిందేనట.

ఓసారి వర్ని రోడ్డు మీద పెళ్లి ఊరేగింపును ఆపి, ఎర్రకోటుకు ఆ రంగు కాలరేమిటని క్లారినెట్ వాయించేవాడిని నిలదీశాడు. పెళ్లికొడుకు పావుగంట గుర్రం మీదే ఎండిపోయాడు. భార్య చంద్రవ్వ ఆయనతో చీరల దుకాణానికి పోవడం మానేసి ఆరేళ్లయింది.

ఆటలో ఎదుటి ఇంగ్లిషు సైన్యం స్నేహితుడు రామ్‌దాస్‌ది. ఆయన నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కమీషన్ ఏజెంటు. పసుపు చూసి రకం చెప్పడంలో ఆయన మాటే మాట. నిజానికి ఆయన చూసేదేమీ లేదు, కొమ్ము విరిచి చప్పుడుతో చెబుతాడు. ఎరుపుకూ ఆకుపచ్చకూ ఆయన కంటికి తేడా తెలియదు. ఆ సంగతి పొక్కితే రైతులు బస్తాలు పక్క దుకాణానికి మళ్లిస్తారని భయపడి ఇంట్లో కూడా చెప్పలేదు.

ఇంగ్లిషువాళ్లవి ఎర్రకోట్లు. రామ్‌దాస్ రంగుల దుకాణంలో మిర్చి రంగు అడిగాడు. యార్డు మనిషికి మిర్చి అంటే ఎండుమిర్చే. దుకాణదారు అప్పుడే మిర్చి బజ్జీ కొరుకుతున్నాడు. అతనికి మిర్చి అంటే పచ్చిదే.

నాలుగు నెలలు కూర్చుని అరవైమందికి రంగు వేసి, ఒక ఆదివారం పొద్దున రామ్‌దాస్ బోధన్ వచ్చాడు. కర్మ కాలి, తోటి ఏజెంటు రాజశేఖర్ కూడా చూస్తానని వెంటబడ్డాడు.

సైన్యాన్ని బల్ల మీద పేర్చగానే రాజశేఖర్ వంగి చూశాడు.

"రామ్‌దాసన్న, ఎర్రకోట్లు అంటివి గద. గివి పాలకూర లెక్క ఉన్నయేంది? నీకు రంగులు అవుపడుతలేవా?"

రామ్‌దాస్ ముందు వరసకు చెయ్యి అడ్డం పెట్టాడు. రేపు పొద్దునకల్లా యార్డంతా ఇదే మాట. లింబయ్య భూతద్దం తీసి ఒక సిపాయిని ముందూ వెనకా చూశాడు. జరగబోయేది తెలిసిన చంద్రవ్వ చాయ్ కప్పులు దూరంగా జరిపింది.

"ఇది రైఫిల్ పల్టన్," అన్నాడు లింబయ్య. "వీళ్లు పచ్చకోట్లే తొడుగుతరు. చెట్లల్ల దాక్కొని కాలుస్తరు."

"గుర్రం మీద జనరల్ సాబ్ గూడనా?"

"ఆయన గుర్రంతోటే దాక్కుంటడు."

రాజశేఖర్ గోడ మీది సిపాయిల పటం చూశాడు. అందులో రైఫిల్ పల్టన్‌కు ఛాతీ మీద నల్లపట్టీలు ఉన్నాయి, ఇక్కడ తెల్లవి. అదీ అడిగాడు.

లింబయ్య కణతల మీద చెమట పట్టింది. "నల్లయి ఉతకనీకి ఏసిండ్రు," అన్నాడు.

రంగు విషయంలో లింబయ్య అబద్ధమాడడని బోధన్ నుంచి నిజామాబాద్ దాకా అందరికీ తెలుసు. రాజశేఖర్ తలూపాడు. మధ్యాహ్నానికి నెపోలియన్ ఓడిపోయాడు.

రాజశేఖర్ బండి తీయడానికి బయటికి పోయాక రామ్‌దాస్ మెల్లగా అడిగాడు.

"ఎప్పటిసంది తెలుసు లింబన్నా?"

"మా పెరట్ల పచ్చి టమాటలు పండినయని తెంపిన కాడికెల్లి."

"మరి ఒక్కనాడూ అనకపోతివి."

లింబయ్య అతని చేతిలో నల్లరంగు సీసా పెట్టాడు.

"కోట్లు గట్లనే ఉండనీ. పట్టీలు మాత్రం నల్లగ చేసుకొని రా. నేను అబద్ధం ఒక్కపారే ఆడుత."