చుక్కచుక్కగా పోయాల్సింది

మొన్న రాజమండ్రి వచ్చిన నా మేనకోడలు కాకినాడలో తాను చేస్తున్న పరిశోధన ఫోటోలు ఫోన్లో చూపించింది. వంగని గట్టి వలయాల్లాంటి అణువులు. వాటికి కాస్త జింకు తగిలిస్తే చాలు, ఎవరూ చెయ్యి పెట్టకుండానే వాటంతటవే ఒకదానికొకటి చేరి, కంటికి కనిపించనంత చిన్న గొట్టాలుగా నిలబడతాయట. చూసి మెచ్చుకోవలసిందిపోయి నాకు ఒళ్లు మండిపోయింది. పాపం, ఆ పిల్ల మీద కాదు.

నేను కెమిస్ట్రీలో పరిశోధన చేసిన రోజుల్లో ఆ వలయం చేయడమే గండం. బోలెడంత ద్రావకంలోకి ముడిపదార్థాలను చుక్కచుక్కగా, తెల్లవార్లూ వదలాలి. తొందరపడితే అణువు తన రెండు కొసలూ కలుపుకుని వలయం కావడానికి బదులు పక్కవాటితో గొలుసులా అల్లుకుపోయి అంతా జిగురు ముద్దవుతుంది. వలయాలు వస్తే వాటికి రాగి కలిపి, అవి ఎలా పేర్చుకుంటాయో చూడాలన్న ఆశతో ఏడాదంతా కూర్చుని ఆ ముడిపదార్థాలు తయారుచేసుకున్నాను. కానీ మా ప్రొఫెసరుగారి ప్రయోగశాలలో ఆడపిల్లలు సాయంత్రం ఆరు దాటితే ఉండకూడదు. నా వయసువాళ్లకి ఆ రూలు గుర్తుండే ఉంటుంది. మా నాన్నగారిని తోడు కూర్చోబెడతానని కూడా బతిమాలాను. "మీ మంచికేనమ్మా" అన్నారాయన. ఆ మంచి ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

చేసేది లేక సరుకంతా తోటి విద్యార్థి చేతిలో పెట్టి, ఎలా వదలాలో పదేపదే చెప్పి బస్సెక్కాను. ఆ మహానుభావుడు సినిమా రెండో ఆటకి వేళవుతోందని, చుక్కలు వదిలే గరాటులో ఉన్నదంతా ఒక్కసారే గుమ్మరించి వెళ్లిపోయాడు. పొద్దున్న చూస్తే ఫ్లాస్కు అడుగున గోధుమరంగు బంక. దానికి రాగి కలిపినా, బంగారం కలిపినా ఏం లాభం? ప్రొఫెసరుగారు అతన్ని పల్లెత్తు మాట అనలేదు. నన్ను మాత్రం, "ఇలాంటివి మీకు కుదరవమ్మా, హాయిగా బీఎడ్ చేసుకోండి" అన్నారు. మళ్లీ మొదటినుంచి చేసుకోవడానికి ఫెలోషిప్పు గడువు మిగల్లేదు. భీమవరంలో రిటైరయ్యేదాకా ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్పుకున్నాను. ఆ సినిమా చూసొచ్చినవాడు డాక్టరేటు తెచ్చుకుని పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

మరి నువ్వు రాత్రంతా ఎలా ఉంటున్నావే అని మేనకోడలిని అడిగాను.

"నేనెక్కడుంటానత్తా? హాస్టల్ గేటు ఎనిమిదింటికే వేసేస్తారు. సిరంజి పంపు పెట్టి వచ్చేస్తా, తెల్లారేదాకా అదే చుక్కచుక్కగా వదులుతుంది" అంది నవ్వుతూ.

ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో మారింది ఇదన్నమాట: రాత్రంతా ప్రయోగశాలలో ఉండటానికి ఒక పంపుకి అనుమతి దొరికింది, మా ఇంటి ఆడపిల్లకి ఇంకా దొరకలేదు.